ఏడో నంబరు తల

గురువారం పొద్దున్న బాబాయ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఒంటిగంటకల్లా ఆఫీసు పని ముగించడం, రెండింటికి ఆఫీసు పెద్దాయన చేత సెలవు చీటీ మీద సంతకం పెట్టించుకోవడం, సాయంత్రం అయిదూ ఇరవై రైలెక్కి మర్నాడు పొద్దున్నే పెళ్ళాం ఎదుట నిలబడటం. ఇందులో కష్టమైన పని ఒక్కటీ లేదు. ఇలాంటి తేలిక పథకాలే మనిషిని నట్టేట ముంచుతాయని నలభై ఎనిమిదేళ్ళు వచ్చినా ఆయనకి తెలియలేదు, పాపం.

ఆయన అసలు పేరు హాజరు పట్టీలో భద్రంగా ఉంది గానీ, ఆఫీసులో అందరికీ ఆయన బాబాయే. భవనాలకి నక్షాలు గీసే ఆ ఆఫీసులో ఇరవై రెండేళ్ళుగా డ్రాఫ్ట్స్‌మన్. తల మీద వెంట్రుక అన్నది మచ్చుకైనా లేదు. ఆయన బాబాయ్ కాబట్టి ఆయన భార్య పిన్ని. పిన్ని సర్కారు ఆస్పత్రిలో నర్సు. రెండేళ్ళ క్రితం ఆవిడకి ప్రమోషన్ ఇచ్చి, దాంతోపాటు రైల్లో పద్నాలుగు గంటల దూరానికి బదిలీ కూడా ఇచ్చారు. వెనక్కి రావడానికి ఆవిడ మూడు అర్జీలు పెట్టింది. మూడింటికీ "ఖాళీ లేదు" అనే ఒకే జవాబు వచ్చింది. మూడోసారైతే కొత్తగా రాసే ఓపిక కూడా లేక, పాత కాగితం మీద తేదీ దిద్ది పంపారు.

దాంతో ఇరవై నాలుగేళ్ళ కాపురం కాస్తా రోజుకి నాలుగు నిమిషాల కాపురం అయింది. పదకొండూ పదికి పిన్ని వార్డులో టీ విరామం, పదకొండూ పద్నాలుగుకి ఆఖరు. ఆ మధ్యలో ఆవిడ ఫోన్ చేసి గ్యాస్ కట్టారా, తాళం లాగి చూశారా, మాత్రలు మింగారా, మింగితే నీళ్ళతో మింగారా టీతో మింగారా అని అడుగుతుంది. ఆయన ఊఁ కొడతాడు. ప్రేమ అన్న మాట ఆ నాలుగు నిమిషాల్లో ఎప్పుడూ రాలేదు, టైము చాలక. మిగతా ఇరవై మూడు గంటల యాభై ఆరు నిమిషాలూ బాబాయ్ ఆ నాలుగింటి కోసం ఎదురుచూస్తాడు. సాయంత్రం ఇంటికెళ్ళి తలుపు తీస్తే, పొద్దున్న పేపరు ఎక్కడ పడేశాడో అక్కడే పడుంటుంది. ఈ పేపరు ఇక్కడెందుకు పారేశారని ఇంటి కప్పు ఎగిరిపోయేలా ఎవరైనా అరిస్తే బాగుండును అనుకుంటూ తనే తీసి మడతపెడతాడు.

ఇప్పుడు అయిదు నెలల తర్వాత ఇద్దరికీ ఒకేసారి నాలుగు రోజులు సెలవు కుదిరింది. బాబాయ్ సంచి సర్దుకుని ఆఫీసుకే తెచ్చుకుని బల్ల కింద పెట్టుకున్నాడు. అందులో రెండు జతల బట్టలు, పిన్ని తెమ్మన్న ప్రెషర్ కుక్కర్ రబ్బరు ఉన్నాయి. కూర్చున్నప్పుడల్లా కాలితో తాకి సంచి ఉందో లేదో చూసుకుంటున్నాడు.

ఆఫీసుకి ఆ ఏడాది వైద్యశాఖ వాళ్ళ కొత్త ఆస్పత్రి పని దొరికింది. ఆ పనికి పై అధికారి ఆ శాఖ డైరెక్టరు. ఆయనకొక పట్టుదల. లోపలున్న రోగిని డాక్టర్లు చూసుకుంటారు, బయట కూర్చుని ఎదురుచూసే తల్లినీ మొగుణ్ణీ చూసుకునేది గోడలే కదా, ఆ గోడలేవో బుద్ధిగా కట్టండి అన్నాడు. కప్పు ఎత్తునీ, వెలుతురునీ, చప్పుడునీ బట్టి మనిషి మెదడు కంగారుపడుతుందో కుదుటపడుతుందో కొలవొచ్చట. కొలిచి మరీ వెయిటింగ్ హాలు గీయమని చెప్పి, కొలవడానికి మెదడు సైన్సు చదివిన ఒకమ్మాయిని కూడా పంపాడు. ఆఫీసు ఆమెకి మెదడమ్మ అని పేరు పెట్టింది. మొదట చాటుగా అన్నారు, తర్వాత ఎదుటే అన్నారు. ఆమె కూడా పలకడం మొదలుపెట్టింది.

ఆఫీసు వెనక రేకుల షెడ్డులో ప్లైవుడ్డుతో, అట్టలతో, అసలు కొలతలకే ఒక ఉత్తుత్తి హాలు నిలబెట్టారు. దాని నక్షా బాబాయ్‌దే. ఎదురుచూడటం అంటే ఏమిటో రోజూ అనుభవిస్తున్నవాడు గీశాడు కాబట్టి బాగానే కుదిరింది. బయట చెట్టు కనబడేలా నిలువెత్తు కిటికీ పెట్టాడు. పక్కవాడి మోకాలు తగలకుండా, అలాగని మరీ దిక్కులేనట్టు ఉండకుండా బల్లల్ని ఒంపు తిప్పాడు. తలుపు తెరుచుకుంటే వచ్చేదెవరో ఏ మూల కూర్చున్నవాళ్ళకైనా కనపడాలని గుమ్మాన్ని రెండుసార్లు జరిపాడు.

హాల్లో తొమ్మిది చోట్ల నేల మీద నంబర్లు వేశారు. ఎనిమిది మంచి చోట్లు. తొమ్మిదోది మాత్రం పరమ దరిద్రపు మూల. అక్కడ షెడ్డు దూలం అడ్డొచ్చి కప్పు ఏడడుగులకి దిగిపోయింది, పక్కన ఆఫీసు మరుగుదొడ్డి గోడ, పైన తుప్పు పట్టిన పిల్ల కిటికీ. పోల్చి చూసుకోవడానికి ఒక చెడ్డ చోటు కూడా ఉండాలని మెదడమ్మ పట్టుబట్టి అక్కడా నంబరు వేయించింది.

పరీక్ష ఏమంత బ్రహ్మవిద్య కాదు. మనిషి తలకి బొత్తాల్లాంటివి కుట్టిన పట్టీ కట్టుకుని, ఒక్కో నంబరు దగ్గర కాసేపు నిలబడుతూ హాలంతా తిరగాలి. తెర వెనక మెదడమ్మ లాప్‌టాప్ ముందు కూర్చుంటుంది. మనసు కుదుటపడితే నీలం గీత పైకి లేస్తుంది. ఆమె మనిషిని చూడకూడదు, మనిషి ఆమెని చూడకూడదు. ఫోన్లు గుమ్మం దగ్గర బుట్టలో పడెయ్యాలి. ఇది మొదటి నియమం. పన్నెండుమందిని పిలిచారు. ఆరుగురి పని అయ్యేసరికి పదిన్నర దాటింది. ఏడోవాడు ఒక దర్జీ. ఎంతసేపు చూసినా రాలేదు.

"బాబాయ్, ఆ పట్టీ నువ్వు కట్టుకో. ఒక్క అరగంట" అన్నాడు పెద్దాయన. ఆఫీసు ఆయనది. ఆలోచన రావడం, దాన్ని అమలు చెయ్యడం ఆయనకి ఒకేసారి జరుగుతాయి.

"నేనా అండీ? నక్షా గీసినవాణ్ణి నేనే కదండీ."

"అయితే ఏం, నీకు మెదడు లేదా?"

దీనికి జవాబు ఎటు చెప్పినా ఇబ్బందే. బాబాయ్ పట్టీ కట్టుకున్నాడు. ఫోన్ బుట్టలో వెయ్యబోయి గోడ గడియారం చూశాడు. పదకొండు కావస్తోంది. ఇప్పుడు వేస్తే ఇవాళ్టికి పిన్ని లేనట్టే. ఆయన జీవితంలో ఎర్ర లైటు దాటినవాడు కాడు, వరుసలో ఒకరిని తోసుకుని ముందుకెళ్ళినవాడు కాడు. అలాంటివాడు అటూ ఇటూ చూసి ఫోన్ చొక్కా జేబులోకి జారవిడిచాడు.

రేకుల షెడ్డులో సిగ్నల్ ఎక్కడా లేదు, ఒక్క తుప్పు కిటికీ కింద తప్ప. ఎనిమిది చోట్లా తిరిగి ఆయన తొమ్మిదో నంబరు దగ్గరికి వచ్చేసరికి జేబు గుర్రుమంది. పిన్ని.

"టిక్కెట్టు పెట్టుకున్నారా?"

"ఊఁ" అన్నాడు గుసగుసగా.

"సంచిలోనా, జేబులోనా?"

"సంచిలో."

"జేబులో పెట్టుకోండి. లేకపోతే స్టేషన్‌లో నలుగురిలో సంచి బోర్లిస్తారు. కుక్కర్ రబ్బరు తీసుకున్నారా?"

"ఊఁ."

"ఎన్ని లీటర్లది?"

"అయిదు."

"మనది మూడు లీటర్లదండీ! ఇన్నేళ్ళు అందులో వండి పెడితే తిన్నారు, ఎంతదో తెలీదు. సాయంత్రం దారిలో మార్చండి. రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే చెవులకి మఫ్లరు చుట్టండి, అసలే గుండు. ఏంటా గుసగుసలు? దొంగతనానికి వెళ్ళారా?"

"ఊఁ" అన్నాడు బాబాయ్ కళ్ళు మూసుకుని. ఫినాయిల్ వాసన, ముక్కుకి తగిలేంత గోడ, తల మీద దూలం. ఇంతకన్నా మంచి చోటు ప్రపంచంలో ఉందని ఆ క్షణం ఎవరైనా చెబితే ఆయన నమ్మేవాడు కాడు. తెర వెనక లాప్‌టాప్‌లో నీలం గీత మెట్లెక్కినట్టు ఎక్కి, పై అంచుకి ఆనుకుని, నాలుగు నిమిషాలు అక్కడే కూర్చుంది.

మధ్యాహ్నం మిగతా అయిదుగురి పనీ అయ్యాక మెదడమ్మ తల పట్టుకుంది. పట్టీ బొత్తాలు చర్మానికి తగిలితేనే లెక్క వస్తుంది. వచ్చినవాళ్ళలో కొందరిది నూనె రాసిన జుట్టు, కొందరిది జెల్ పూసిన జుట్టు, ఒకావిడది సవరం. పదకొండుమంది గీతలూ కోడి గెలికినట్టున్నాయి. ఒక్క ఏడో నంబరు తల మాత్రం గంటలా స్పష్టంగా పలికింది. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడం అని ఊరికే అంటారు గానీ, ఆ మధ్యాహ్నం ఒక బోడిగుండుకీ మూడువందల పడకల ఆస్పత్రికీ నిజంగానే ముడిపడింది.

"ఒక్క తల మీద ఏమీ తేల్చకూడదండీ. ఇంకో వారం టైమివ్వండి, ఇంకో పన్నెండుమందిని చూద్దాం" అంది మెదడమ్మ.

పెద్దాయన ఆ గీతని చూశాడు. ఇక ఆమె మాట ఆయన చెవికెక్కలేదు. "తొమ్మిదో చోటా! చూశావా అమ్మా, మనమంతా పొడుగు కిటికీలూ వంకీ బల్లలూ అని తెగ ఇదైపోయాం. మెదడుకి కావలసింది ఇది! బాబాయ్ ఏడీ?"

బాబాయ్ అప్పటికే సెలవు చీటీ పట్టుకుని గుమ్మంలో ఉన్నాడు. రెండు దాటింది. ఫోన్ సంగతి ఒప్పేసుకుందామని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఒప్పుకుంటే పరీక్ష మళ్ళీ మొదటికొస్తుంది, రేపు ఇంకో పన్నెండుమంది, రైలు గోవిందా. ఒప్పుకోకపోతే ఏదో రెండు ముక్కలు చెప్పి బయటపడొచ్చు. కుదురైన మనిషి కూడా రైలు టైము దగ్గరపడితే అబద్ధాల్లోకి దిగుతాడు.

"అక్కడ నిలబడితే నీకేమనిపించింది?" అన్నాడు పెద్దాయన.

"ఇంటికెళ్ళినట్టు అనిపించిందండీ." ఇది నిజమే.

"రాసుకో అమ్మా! ఏం చూశావు?"

"కళ్ళు మూసుకున్నానండీ."

"అంటే చీకటి కావాలి. వెలుతురు తగ్గించాలి. ఏం వినపడింది?"

బాబాయ్ జేబు తడుముకున్నాడు. ఏదో వినపడిందని ఈయనకెలా తెలిసింది? "కుళాయి అండీ" అన్నాడు నోటికొచ్చింది. "మరుగుదొడ్డిలో కుళాయి బొట్లు బొట్లుగా కారుతుంటే... హాయిగా..."

"కారే కుళాయి! వాసన?"

"ఫినాయిల్ అండీ. సార్, ఈ చీటీ మీద ఒక్క సంతకం..."

పెద్దాయన చీటీ లాక్కున్నాడు, వెనక్కి తిప్పాడు, దాని మీదే కొత్త హాలు గీయడం మొదలుపెట్టాడు. ఏడడుగుల కప్పు, కిటికీల స్థానంలో గోడలు, నాలుగు మూలలా నాలుగు కారే కుళాయిలు. గీస్తూనే డైరెక్టరుకి ఫోన్ కలిపాడు. డైరెక్టరు శుక్రవారం పదిన్నరకి వచ్చి చూస్తానన్నాడు. ఫోన్ పెట్టేసి పెద్దాయన బాబాయ్ భుజం తట్టాడు. "పొద్దున్నకల్లా కొత్త నక్షా కావాలి. నీ తల్లోంచి వచ్చిందాన్ని నీ చేత్తోనే గీయాలి. సెలవు వచ్చే నెల చూద్దాంలే."

అబద్ధమాడితే రైలు దొరుకుతుందనుకున్నవాడికి అబద్ధమే రైలు తప్పించింది. బాబాయ్ తొమ్మిదో చోటుకి వెళ్ళి, తుప్పు కిటికీ కింద నిలబడి, పిన్నికి తనే ఫోన్ చేశాడు. వేళకాని వేళ ఫోన్ చూసి ఆవిడ బెదిరింది.

"ఏమైందండీ? ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది. నేను... ఇవాళ రావట్లేదే. ఆఫీసులో పని పడింది."

అవతల ట్రాలీ చక్రాల చప్పుడు వినిపించింది. ఎవరో సిస్టర్ సిస్టర్ అని పిలుస్తున్నారు.

"సరే లెండి" అంది పిన్ని. ఫోన్ పెట్టేసింది.

ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ రెండు మాటలతో సరిపెట్టిన రోజు ఆయనకి గుర్తులేదు. నాలుగు తిట్టి ఉంటే బతికిపోయేవాడు. ఆ రెండు మాటలూ పట్టుకుని బల్ల దగ్గర కూర్చుని, చెట్టు కనబడే కిటికీని తన చేత్తోనే చెరిపి, అక్కడ గోడ గీశాడు. ఒంపు బల్లలు చెరిపి బెంచీలు వేశాడు. ఎవరి తాలూకు ఎవరో అక్కడ కూర్చుని కబురు కోసం ఎదురుచూస్తారు కదా, వాళ్ళకి నేను చేస్తున్నది ఇదా అనుకున్నాడు. అయిదూ ఇరవైకి గడియారం వైపు చూడకూడదనుకుని చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పిన్ని ఇప్పుడు ఏం చేస్తూ ఉంటుంది, కోపంగా ఉందా, ఏడుస్తోందా, అన్నం తిందా? అన్నీ ఆవిడ అడిగే ప్రశ్నలే. ఇన్నాళ్ళకి ఆయనకి అడగాలనిపించింది, అడగడానికి ఫోన్ చేస్తే ఎత్తలేదు.

తెల్లారేసరికి వడ్రంగులు షెడ్డుని నక్షాకి తగ్గట్టు మార్చేశారు. అట్టల కప్పు తల మీదకి దించారు, కిటికీకి నల్ల కాగితం అంటించారు, బకెట్ల మీద నాలుగు కుళాయిలు బిగించారు. ఫినాయిల్ అయితే రెండు సీసాలు చల్లారు.

డైరెక్టరు పదిన్నరకే వచ్చాడు. నవ్వని మనిషి అని శాఖలో పేరున్నవాడు. కప్పు తగులుతుందేమోనని వంగి లోపలికి వచ్చాడు, వాసన చూశాడు, కుళాయి బొట్లు విన్నాడు.

"ఇది మా పాత ఆస్పత్రి వరండాలా ఉంది" అన్నాడు.

"సైన్సండీ!" అన్నాడు పెద్దాయన. "మనకి నచ్చేది వేరు, మెదడుకి నచ్చేది వేరు. మీ కళ్ళతోనే చూడండి. బాబాయ్, పట్టీ కట్టుకుని నీ చోట నిలబడు."

లాప్‌టాప్‌ని అందరికీ కనబడేలా తిప్పారు. బాబాయ్ తొమ్మిదో చోట నిలబడ్డాడు. నీలం గీత నేలబారున పడుకుంది. పది నిమిషాలైంది, ఇరవై నిమిషాలైంది, లేవలేదు.

"బాబాయ్, ఇంటికెళ్ళినట్టు అనుకో" అన్నాడు పెద్దాయన, రుమాలుతో మెడ తుడుచుకుంటూ.

బాబాయ్ ఇంటికెళ్ళినట్టు అనుకున్నాడు. తాళం తీసినట్టు, పేపరు పడున్నట్టు కనపడింది. గీత ఇంకా కిందకి దిగింది.

"కుళాయి గట్టిగా తిప్పండర్రా!" అని అరిచాడు పెద్దాయన. నాలుగు కుళాయిలూ ధారలు కట్టాయి. పదకొండూ పది అయింది. బాబాయ్ కళ్ళు మూసుకుని జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. జేబు మెదల్లేదు. పదకొండూ పద్నాలుగు అయింది. గీత అట్టడుగుకి చేరింది, ఇంకా కిందకి పోవడానికి చోటు లేక అక్కడ ఆగింది. మెదడమ్మ లాప్‌టాప్ తెర మీద టైము చూసింది, నిన్నటి కాగితం మీద టైము చూసింది, బాబాయ్ జేబు చూసింది. ఏదో అనబోయింది.

అప్పుడే గుమ్మం దగ్గర గొంతు వినిపించింది. "ఈ గుయ్యారంలోనా ఉన్నారు? ఇదేంటి, లైట్లు కూడా లేవు!"

చేతిలో సంచితో, రైలు దుమ్ము మొహంతో లోపలికి వచ్చింది పిన్ని. నిన్న రాత్రి రైలెక్కి నేరుగా స్టేషన్ నుంచి వస్తోంది. చీకట్లో కాస్త తడుముకుంది గానీ, నున్నగా మెరుస్తున్న తలని పట్టుకోవడం ఆవిడకి కష్టం కాలేదు. డైరెక్టరునీ పెద్దాయననీ దాటుకుని తొమ్మిదో చోటుకి వచ్చేసింది.

"రావట్లేదే అని నాలుగు అక్షరాలు పారేసి ఊరుకుంటారా? పనేంటో చెప్పక్కర్లేదా? ఒంట్లో బాగోలేక దాస్తున్నారేమోనని రైలంతా కునుకు లేదు నాకు. ఆ మొహమేంటి? పొద్దున్న ఏమైనా తిన్నారా? ఈ నలిగిన చొక్కా నిన్నటిది కాదూ! ఆ తలకి కట్టేంటి? దెబ్బ తగిలిందా? అడుగుతుంటే పలకరేం? నోట్లో ఏముంది?"

"ఊఁ" అన్నాడు బాబాయ్.

"ఊఁ ఏంటి ఊఁ! మీ ఊఁ తగలెయ్య!"

"అమ్మో, గీత!" అని కేకపెట్టింది మెదడమ్మ. నీలం గీత అడుగు నుంచి లేచి, సగం దాటి, నిన్నటి ఎత్తు దాటి, తెర పై అంచు దాటి కనపడకుండా పోయింది.

పెద్దాయన పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టు గంతేశాడు. "చూశారా సార్! ఇన్ని తిట్లు తింటూ కూడా ఎంత నిబ్బరం! అదండీ ఈ మూల మహిమ! బయటైతే ఈపాటికి విడాకులయ్యేవి!"

డైరెక్టరు నిజంగానే తల పంకించాడు. బల్ల మీదున్న నక్షా దగ్గరికి లాక్కుని, సంతకానికి కలం తీశాడు. అది చూసి బాబాయ్ ఒక అడుగు ముందుకేశాడు. ఆ సంతకం పడితే మూడువందల పడకల తాలూకు మనుషులు రోజూ ఈ చీకట్లో, ఈ కంపులో కూర్చుంటారు, తన నోటి మాట పుణ్యాన.

"వద్దండీ!" అన్నాడు. ఇరవై రెండేళ్ళలో ఆయన ఆఫీసులో గట్టిగా మాట్లాడటం అదే మొదలు. "ఈ మూల మహిమ కాదండీ. నిన్న నేను ఫోన్ బుట్టలో వెయ్యలేదు. ఇక్కడ నిలబడి మా ఆవిడతో మాట్లాడాను. కుళాయి లేదు, ఏమీ లేదు, అంతా నేను అల్లింది. ఆవిడ రెండేళ్ళుగా ఊళ్ళో లేదండీ. రోజుకి నాలుగు నిమిషాలు మాట్లాడుతుంది. ఆ నాలుగు నిమిషాలే నాకు... నిన్న రైలు అందుకోవాలని ఇన్ని అబద్ధాలాడాను. నన్నేం చేస్తారో చెయ్యండి."

పెద్దాయన అక్కడున్న బకెట్ మీద కూర్చోబోయి మానేశాడు. పిన్ని మొగుడి మొహంలోకి చూసి, ఆయన చొక్కా కాలరు సరిచేసింది.

అందరిలోకీ సంతోషించింది మెదడమ్మ ఒక్కతే. "బాబాయ్‌గారూ, కదలకండి! పిన్నిగారూ, మీరు ఒక్క నిమిషం బయటికెళ్ళండి" అంది. పిన్ని బయటికెళ్ళింది, గీత పడింది. లోపలికొచ్చింది, లేచింది. ఇద్దరినీ ఒకటో చోట నిలబెట్టారు, గీత పైనే ఉంది. అయిదో చోట, గుమ్మంలో, ఆఖరికి మరుగుదొడ్డి తలుపు ముందు కూడా నిలబెట్టారు. ఎక్కడ నిలబెట్టినా అంతే. పిన్ని ఏదైనా మాట్లాడుతూ ఉండాలి అని మెదడమ్మ అంటే, ఆవిడ కుక్కర్ రబ్బరు మార్చలేదన్న సంగతి ఎత్తుకుంది. గీత ఇక దిగలేదు.

డైరెక్టరు నల్ల కాగితం ఒక చెయ్యి వేసి లాగేశాడు. పొడుగు కిటికీలోంచి వెలుతురు హాల్లోకి వచ్చింది. "మొదటి నక్షా ఎవరు గీశారు?"

"నేనేనండీ" అన్నాడు బాబాయ్.

"అదే కట్టండి."

"నేను మొదట్నించీ అదే అంటున్నానండీ" అన్నాడు పెద్దాయన.

డైరెక్టరు ఆయన వైపు చూడలేదు. పిన్ని వైపు తిరిగాడు. "నువ్వు ఎక్కడ పనిచేస్తావమ్మా?"

"మీ శాఖలోనేనండీ. నర్సుని. వెనక్కి రావడానికి మూడు అర్జీలు పెట్టాను. ఖాళీ లేదన్నారు."

"ఎవరన్నారు?"

"కింద సంతకం మీదేనండీ."

డైరెక్టరు దగ్గాడు. కిటికీ బయట చెట్టు వైపు చూశాడు. "గోడలు సగం పనే చేస్తాయన్నమాట" అన్నాడు చివరికి. "మిగతా సగానికి అక్కడ కూర్చున్నవాళ్ళని తిన్నావా, మందు వేసుకున్నావా అని అడిగే మనిషి కావాలి. ఆ హాల్లో అలాంటి నర్సు పోస్టు ఒకటి పెడదాం. లేని ఖాళీని తేలేను గానీ, కొత్తది పుట్టించగలను."

ఆ నాలుగు రోజుల సెలవులో మూడున్నర రోజులు మిగిలాయి. పిన్ని ఆ మూడున్నర రోజులూ ఇంట్లోనే ఉండి, పేపరు దగ్గర్నించి పక్క దుప్పటి దాకా అన్నిటికీ తిట్టింది. బాబాయ్ కావాలనే పేపరు రోజుకో చోట పడేశాడు. సోమవారం సాయంత్రం ఆవిడని రైలెక్కించి, ఆ డబ్బా కనుమరుగయ్యేదాకా నిలబడి, ఇంటికొచ్చి తాళం తీశాడు. ఇల్లంతా తీర్చిదిద్దినట్టుంది. పారెయ్యడానికి ఆ పూట పేపరు కూడా లేదు.

నెల్లాళ్ళకి వైద్యశాఖ ఉత్తర్వు వచ్చింది. వెయిటింగ్ హాలుకి మంజూరైన సామాను జాబితా అది. బల్లలు నలభై, ఫ్యాన్లు పన్నెండు, మంచినీళ్ళ కూలర్లు రెండు, నర్సు ఒకరు, చెత్తబుట్టలు ఆరు. నర్సు ఎదురుగా పిన్ని ఉద్యోగ సంఖ్య వేశారు. బాబాయ్ ఆ కాగితం గుండెకి హత్తుకుని తుప్పు కిటికీ కిందకి పరుగెత్తాడు. పదకొండూ పదికి ఫోన్ మోగగానే, ఆవిడ గ్యాస్ సంగతి అడిగేలోపు, మొత్తం చదివి వినిపించాడు. చెత్తబుట్టలు కూడా వదల్లేదు.

చదవడానికే నాలుగు నిమిషాల్లో ఒకటిన్నర పోయింది. అవతల పిన్ని ముక్కు తుడుచుకున్న చప్పుడు వినిపించింది.

"వంట సామానంతా సర్దేస్తానండీ. ఎప్పుడు చేరమన్నారు?"

బాబాయ్ కాగితం తిప్పి చూశాడు. "హాలు ప్రారంభోత్సవం రోజున."

"అదెప్పుడు?"

కొత్త ఆస్పత్రి స్థలానికి మొన్ననే వెళ్ళి కొలతలు తీసుకొచ్చింది బాబాయే. పునాది ఇంకా తవ్వలేదు.